రెండో ట్రాకులో గొంతు

క్యాసెట్టు అట్ట మీద "చెల్లి పెళ్లి, రెండో భాగం" అని రాసి ఉంది. టేపులావిడ చూసి నవ్వుకుంది. ఆమె పనిచేసే గదికి వచ్చే క్యాసెట్లలో సగం ఇలా మారుపేర్లతోనే వస్తాయి. ఆడదాన్ని ప్రేమించిన ఆడదాని గురించో, మగవాణ్ణి ప్రేమించిన మగవాడి గురించో ఎవరైనా తిప్పలు పడి సినిమా తీస్తే, దాన్ని ఆడించే హాలు ఒకప్పుడు ఉండేది కాదు. కిటికీలకి దుప్పట్లు కట్టి, తలుపు గడియ వేసి, ఒకరి భుజం మీద ఒకరు గడ్డం ఆనించుకుని చూసేవారు. చూశాక ఆ క్యాసెట్టు ఇంకో ఊరికి ప్రయాణం కట్టాలి. దారిలో ఎవరైనా సంచీ వెతికితే ఎలా? అందుకని అట్ట మీద పెళ్లి వీడియో అని రాసేవారు. అంతకు మించిన తాళం లేదు. ఎంతటి అనుమానపు మనిషైనా, ఎవరిదో పెళ్లి రెండో భాగం చూడమంటే చెప్పులు కూడా వేసుకోకుండా పారిపోతాడు.

అలా తప్పించుకు తిరిగిన సినిమాలన్నీ ఇప్పుడు బూజు పట్టి, ఒకదాని తరువాత ఒకటి ఈ గదికి చేరుతున్నాయి. మూతపడిన అచ్చాపీసు మేడ మీద గది అది. గోడలకి ఇంకా సిరా వాసన ఉంటుంది. టేపులావిడ క్యాసెట్లు విప్పి, బూజు తుడిచి, గోరువెచ్చని పెట్టెలో ఆరబెట్టి, ఆడించి, కంప్యూటర్లోకి ఎక్కిస్తుంది. ఆ తరువాత సంస్థవాళ్లు వెబ్‌సైటులో పెడతారు. ఎక్కడో ఒక ఊళ్లో, ఇలాంటిదాన్ని లోకంలో నేనొక్కదాన్నే అనుకుంటూ కూర్చున్న మనిషి ఫోను తెరిచి చూసుకోవచ్చు. సంస్థ పేరులో "క్వియర్ సినిమా భాండారం" అనే మాటలున్నాయి గాని, వీధిలో వాళ్లకి అది టేపులావిడ గది. ఆమె పేరు కూడా అలా వచ్చిందే.

ఈ సంస్థలో ఒక కట్టుబాటు ఉంది. దాన్ని వాళ్లు "ముఖం అడగడం" అంటారు. సినిమాలో ముఖం కనిపించిన మనిషి బతికుంటే, ఎక్కడున్నా వెతికి పట్టుకుని అడగాలి. నీ ముఖం అందరికీ చూపించమంటావా? వద్దంటే ఆ సినిమా ఎంత గొప్పదైనా బీరువాలోనే ఉంటుంది. ఆ రోజుల్లో ధైర్యం చేసినవాళ్లకి ఇప్పుడు ఉద్యోగాలున్నాయి, అత్తగార్లున్నారు. ధైర్యం ఒకసారి చేసినంత మాత్రాన జీవితాంతం చేస్తూనే ఉండాలని ఎవరూ బలవంతపెట్టకూడదు కదా.

ఇక టేపులావిడ సంగతి. వయసులో ఉన్నప్పుడు నిజంగానే పెళ్లి వీడియోల దుకాణంలో పనిచేసింది. పెళ్లికొడుకు తల చుట్టూ తిరిగే హృదయాలూ, పెళ్లికూతురి కంట్లోంచి ఎగిరే పావురాలూ ఆమె చేతిపనే. ఒకనాడు దుకాణానికి కాపీ తియ్యమని వచ్చిన ఒక పెళ్లి క్యాసెట్టులో పెళ్లి లేదు. మసకమసగ్గా ఇద్దరాడవాళ్లు ఒకరి జడ ఒకరు విప్పుకుంటున్నారు. ఆమె కుర్చీలోంచి లేవలేకపోయింది. తానెవరో ఆ రోజే తెలిసిందని చాలాసార్లు చెప్పుకుంది.

ఆ తరువాత డ్రైవింగు నేర్చుకోవడానికి వెళ్లింది. నేర్పే ఆవిడని అందరూ బ్రేకు మేడం అనేవారు. పక్క సీటు కింద తనకో బ్రేకు పెట్టించుకుని, మాట మాటకీ దాన్ని తొక్కుతుందని ఆ పేరు. టేపులావిడకి కారు నడపడం రాలేదు, రివర్సు ఇప్పటికీ రాదు. బ్రేకు మేడం మాత్రం వచ్చేసింది. చాలా ఏళ్లుగా ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే సబ్బు, ఒకే దుప్పటి కోసం లాగులాట. మేడం తమ్ముడికి టీవీలూ రేడియోలూ బాగుచేసే దుకాణం ఉంది. మొదట్లో టేపులావిణ్ణి ఏమని పిలవాలో తెలియక వారం రోజులు తలగోక్కుని, చివరికి "బావా" అన్నాడు. అదే ఖాయమైపోయింది.

అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్క జబ్బు తప్ప. టేపులావిడకి కుళ్లు. లోకంలో అసూయపడేవాళ్లు రెండు రకాలు. పక్కవాళ్ల దగ్గరున్నది చూసి ఏడ్చేవాళ్లు మొదటి రకం. వాళ్లకి మందుంది, అలాంటిది వాళ్లకీ ఒకటి దొరికితే ఊరుకుంటారు. తమ ఒళ్లో ఉన్నదాన్నే చూసి, ఇది ఇంతకుముందు ఎవరి ఒళ్లో ఉండేదో అని ఏడ్చేవాళ్లు రెండో రకం. వీళ్లకి మందు లేదు. చిత్రమేమంటే, ఏ ఊరికి వెళ్లినా ఈ రెండో రకంవాళ్లే ప్రేమకి పెట్టింది పేరుగా చలామణీ అవుతుంటారు.

"ఆ బ్యాంకావిడ ఇవాళ కూడా వచ్చిందా?" అని అడిగేది టేపులావిడ, టీ గ్లాసులోకి చూస్తూ.

"రాక? లైసెన్సు రావాలిగా ఆవిడకి."

"పోయిన వానాకాలం నుంచీ నేర్చుకుంటూనే ఉందే! గేరు చూపించేటప్పుడు చేతి మీద చెయ్యి వేస్తావా?"

"వెయ్యకపోతే గేరు రాడ్డు ఊడి ఆవిడ చేతికొస్తుంది. నీకు నేర్పినప్పుడూ వేశానుగా."

"అందుకే అడుగుతున్నా."

అలాంటి మనిషి చేతికి వచ్చింది, చెల్లి పెళ్లి రెండో భాగం.

పంపినావిడ పేరున్న దర్శకురాలేమీ కాదు. వయసులో ఉండగా చేతికెమెరాతో నాలుగైదు సినిమాలు తీసి, తరువాత వేరే పనుల్లో పడి, ఇల్లు మారుతూ అటక దులిపితే దొరికిన క్యాసెట్లు ఒక డబ్బాలో వేసి పంపించింది. ఈ క్యాసెట్టు డబ్బా అడుగున ఉంది. తడి తగిలి టేపు జిగురుపట్టింది. ఇలాంటి టేపులు ఆరబెట్టాక ఒక్కసారి ఆడతాయి. రెండోసారి ఆడతాయన్న నమ్మకం లేదు, బొమ్మ ఉన్న పూత పొట్టులా రాలిపోతుంది. కాబట్టి ఆడేటప్పుడు ఆపే మీట మీద వేలు పెట్టుకుని, కళ్లు తెర మీంచి తియ్యకుండా, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా కూర్చోవాలి.

అప్పుడే ఎప్పుడూ వాడే యంత్రం మొరాయించింది. తమ్ముడు తన దుకాణంలోంచి ఇంకోటి మోసుకొచ్చాడు.

"బావా, ఇది పాతకాలం సరుకు, మర్యాదగా చూసుకో. నీ యంత్రంలో అయితే ఈ సౌండు మీట తిప్పితే నీ చెవులకే తేడా వస్తుంది. దీంట్లో అలా కాదు, నువ్వేది వింటే కంప్యూటర్లోకీ అదే పోతుంది. మీటని రెండూ అన్నచోటే ఉంచు."

"సరే సరే, పదేళ్లుగా చేస్తున్న పని నాకే చెప్తున్నావా?"

"చెప్పకపోతే అక్క నన్నంటుంది, చెప్తే నువ్వంటావు. బావమరిది బతుకే ఇంత," అని వెళ్లిపోయాడు.

టేపు తిరిగింది. ఒక మేడ. తీగ మీద తువ్వాళ్లు. తువ్వాళ్ల వెనక నుంచి తడి జుట్టుతో ఒక అమ్మాయి వచ్చి, కెమెరాని చూసి నాలుక బయటపెట్టింది. టేపులావిడ వేలు ఆపే మీట మీద బిగుసుకుంది. ఆ అమ్మాయి బ్రేకు మేడం. ఇరవై దాటి ఉండదు.

ఎవరో ఒకావిడ ఉండేది, ఏదో తీసింది, అని మేడం ఒకసారి చెప్పింది. చెప్పి పప్పుల డబ్బా మూత పెట్టినట్టు అక్కడితో మూసేసింది. ఆ ఎవరో ఈవిడే, ఆ ఏదో ఇదే.

సినిమాలో కథ లేదు. ఆ అమ్మాయి రొట్టె కోస్తుంది, సైకిలు తుడుస్తుంది, కిటికీ దగ్గర నిలబడుతుంది. తీస్తున్న మనిషి ఒక్కసారీ కనబడదు, నీడ తప్ప. కాని సినిమా అంతా ఆ మనిషి చూపే. ఆ చూపు ఎక్కడ ఆగితే అక్కడ టేపులావిడ చూపూ ఆగాలి, అది ఉద్యోగం. చూపు మెడ వెనక్కి వెళ్లి పుట్టుమచ్చ దగ్గర ఆగింది. చాలాసేపు కదల్లేదు. ఆ మచ్చని తానే కనిపెట్టానని టేపులావిడ ఇన్నేళ్లుగా నమ్ముతోంది.

దాన్నయినా ఓర్చుకునేది. ఓర్చుకోలేనిది గొంతు. ఆ టేపులో శబ్దం రెండు ట్రాకుల్లో ఉంది. అమ్మాయి చొక్కాకి పెట్టిన మైకు ఒకటి, అది ఎడమ చెవిలో వినబడుతోంది. కెమెరాకే ఉన్న మైకు రెండోది, అది కుడి చెవిలో. కెమెరా పట్టుకున్న మనిషి నోరు దానికి బెత్తెడు దూరంలో ఉంటుంది. కాబట్టి ఆవిడ మాటా, ఊపిరీ, గుటక వెయ్యడం కూడా టేపులావిడ కుడి చెవిలో పెదవులు ఆనించి చెప్తున్నట్టే ఉంది. "చలేస్తోందా?" అంది ఆ గొంతు. వెచ్చగా, తొందర లేకుండా. "లేదు, నువ్వున్నావుగా," అంది ఎడమ చెవిలో మేడం.

టేపులావిడ హెడ్‌ఫోను కుడి డిప్పని చెవి మీంచి పక్కకి లాగింది. గొంతు మెడ దగ్గర దోమలా మూలుగుతూనే ఉంది. అప్పుడామె చెయ్యి మీట మీదికి వెళ్లి, దాన్ని రెండూ అన్నచోటి నుంచి ఒకటి అన్నచోటికి తిప్పింది. గొంతు పోయింది. హాయిగా ఊపిరి పీల్చుకుంది.

తమ్ముడు చెప్పింది మరిచిపోయిందా? అలవాటైన యంత్రమే అనుకుందా? ఆ క్షణంలో ఆమెనే అడిగితే మరిచిపోయానని ఒట్టు వేసేది. ఆ ఒట్టు నిజమో కాదో ఆమె చేతినే అడగాలి.

తరువాత ఒకచోట అమ్మాయి గోడ పట్టుకుని నవ్వింది. మామూలుగా కాదు, వంగిపోయి, ఆగలేక, కళ్లు తుడుచుకుంటూ, మళ్లీ కెమెరా వంక చూసి మళ్లీ మొదలుపెట్టి. టేపులావిడ ఆ నవ్వు తన ఇంట్లో ఎప్పుడూ వినలేదు.

టేపు ఆగేసరికి, దాన్ని చదివే యంత్రం తల నిండా గోధుమరంగు పొడి.

మర్నాడు మధ్యాహ్నం, రెండు క్లాసుల మధ్య ఖాళీలో, బ్రేకు మేడం గదికి వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుని, తనని తాను చూసుకుని "అబ్బో, ఏం పొగరు!" అంది. కాసేపటికి ముఖం మారింది.

"దాని గొంతేది?"

"టేపు పాతది కదా. ఒక ట్రాకు పోయింది."

"ఒకటి పోయి, ఒకటి చక్కగా ఉంటుందా?"

"అలా జరుగుతుంటుంది."

తెర మీద అమ్మాయి ఎవరూ అడగని ప్రశ్నలకి జవాబులు చెబుతోంది. ఆగుతోంది, తల ఊపుతోంది, "ఛీ పో" అంటోంది. మేడం లేచి నిలబడింది.

"ఇది పెట్టకండి. నా ముఖం నేనివ్వను."

"అదేంటే?"

"పిచ్చిదానిలా గోడతో మాట్లాడుతున్నాను చూడు. అక్కడ ఇద్దరం ఉన్నాం. రెండోదాన్ని తీసేసి ఒక్కదాన్నే చూపిస్తే అది అబద్ధం. నాకొద్దు."

ఆమె మెట్లు దిగి వెళ్లాక టేపులావిడకి ముందుగా కలిగింది సంతోషం. దాన్ని దాచి లాభం లేదు. ఇక ఆ సినిమా బీరువాలోకి పోతుంది, ఆ చూపు ఇంకెవరికీ కనబడదు. ఆ సంతోషంలోనే టీ పెట్టుకుంది. టీ పొంగి స్టవ్వు ఆరిపోయింది, అయినా అక్కడే నిలబడి ఉంది. ఆనాడు దుకాణంలో తన ముందుకి వచ్చిన క్యాసెట్టుని కూడా ఎవరో ఒకరు కుళ్లుకుని అటక మీద పారేసి ఉంటే? ఇంత తీరుబాటుగా ఒక ఆడది ఇంకో ఆడదాన్ని చూసుకున్న సినిమా ఆ బీరువాలో ఇంకోటి లేదు. ఆ సంగతి ఆమెకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

సాయంత్రం తమ్ముడు యంత్రం తీసుకుపోవడానికి వచ్చాడు. క్లాసులు ముగించుకుని అక్కగారూ వాడి వెనకే ఎక్కి వచ్చింది, టేపులావిణ్ణి ఇంటికి తీసుకెళ్లడానికి. వాడు వంగి తీగలు పీకుతూ ఆగాడు.

"బావా, ఇది ఒకటి మీదుందేంటి? రెండూ అన్నచోట ఉంచమన్నానుగా!"

వాడు అక్క ముఖం చూశాడు, బావ ముఖం చూశాడు.

"చెయ్యి తగిలి తిరిగిందేమోలే. తిరుగుతుంది. చాలా వదులు మీట," అన్నాడు.

"చెయ్యి తగిలిందా?" అంది మేడం.

"లేదు," అంది టేపులావిడ.

"మరి?"

"ఆవిడ నా చెవిలో ఊపిరి పీలుస్తోంది. భరించలేకపోయాను."

"అది ఎప్పటి ఊపిరే! ఆ రోజుల్లో నాకు నువ్వు తెలుసా, నీకు నేను తెలుసా?"

"నేను విన్నది నిన్ననేగా."

"నేను స్క్రూడ్రైవరు దుకాణంలో మర్చిపోయాను," అని తమ్ముడు మెట్ల వైపు నడిచాడు. స్క్రూడ్రైవరు వాడి జేబులోంచి కనబడుతూనే ఉంది.

"ఆగరా!" అంది మేడం. "ఇంకోసారి ఆడుతుందా ఆ టేపు?"

"ఆడితే ఆడొచ్చు. ఈసారి చస్తే మటుకు మళ్లీ బతకదు, అక్కా."

"బొమ్మ మన దగ్గరుంది. టేపు పోతే పోనీ, గొంతు కోసం ఇంకోసారి ఆడిద్దాం," అంది టేపులావిడ. అసలు ప్రతిని ప్రాణంలా చూసుకునే మనిషి నోట ఆ మాట రావడం తమ్ముడికి కొత్త. వాడు యంత్రం తల శుభ్రం చెయ్యడం మొదలుపెట్టాడు.

మళ్లీ ఆరబెట్టారు. మళ్లీ పెట్టారు. మేడ వచ్చింది, తువ్వాళ్లు వచ్చాయి. "చలేస్తోందా?" అంది గొంతు. మేడం రెండు చేతులూ ఒళ్లో ముడుచుకుంది. అంతలోనే కీచుమని శబ్దం, యంత్రం కడుపులో టేపు ముద్దగా చుట్టుకుపోయింది. తమ్ముడు మూత తీసి, ఎవరో చనిపోయిన ఇంట్లోలా నిలబడ్డాడు. మిగిలింది ఆ ఒక్క మాటే.

రెండు రోజులు ఇంట్లో ఉప్పు ఎక్కడుంది, తాళం ఎక్కడుంది అన్నవి తప్ప మాటల్లేవు. మూడో రోజు పొద్దున మేడం చెప్పుల్లో కాళ్లు పెడుతూ అంది.

"మిగతావి నాకు గుర్తున్నాయి."

"ఏవి?"

"అది అడిగినవి. నేను చెప్తాను, నువ్వు బొమ్మ కింద అక్షరాల్లో వెయ్యి. అప్పుడు ముఖం ఇస్తాను."

ఇంతకంటే పెద్ద శిక్ష ఏ కోర్టూ వెయ్యలేదు. టేపులావిడ కంప్యూటరు ముందు కూర్చుంది. పక్క కుర్చీలో మేడం. తెర మీది అమ్మాయి "నీ ముఖంలా ఉంది" అంటే, ఈవిడ ఆపమని, "కోసిన రొట్టె ఎలా వచ్చిందంది," అంటుంది. అమ్మాయి "కారు కొంటా, నిన్ను మాత్రం ఎక్కించుకోను" అంటే, "ముసలిదానివయ్యాక ఏం చేస్తావంది." అమ్మాయి చాలాసేపు ఊరుకుని తల అడ్డంగా ఊపితే, మేడం తెర మీంచి చూపు తిప్పుకుని, "పదిమందిలో నా చెయ్యి పట్టుకుంటావా అంది," అని చెప్పింది.

టేపులావిడ టకటకా కొడుతోంది, మీటలు విరిగేలా.

"పొద్దున ఏం తిన్నావంటే చెప్పలేవు. ఇవన్నీ ఎలా గుర్తున్నాయే నీకు?"

"అడిగినవాళ్లు తక్కువ కదా. గుర్తుంటాయి."

"నేనడగలేదా ఎప్పుడూ?"

"నువ్వడుగుతావు. బ్యాంకావిడ వచ్చిందా అని."

సినిమా ముందుకి నడిచి గోడ దగ్గరికి వచ్చింది. అమ్మాయి ఏదో విని, ఒక్క క్షణం నోరు తెరిచి, విరగబడి నవ్వింది.

"ఇక్కడ?"

మేడం తెర దగ్గరికి వంగింది. వెనక్కి తిప్పించి మళ్లీ చూసింది.

"ఇది గుర్తులేదు."

"అన్నీ గుర్తుండి, ఇదొక్కటే లేదా?"

"నిజంగా లేదే."

"నాకు చెప్పడం ఇష్టం లేక."

"తల్లీ! ఆవిడకే ఫోను చేసి కనుక్కో. నంబరు డబ్బా మీద ఉందిగా. నా ముందే చెయ్యి."

చేసింది, అందరికీ వినబడేలా పెట్టి. కెమెరా ఆవిడ గొంతు ఇప్పుడు బొంగురుపోయింది. వెనక ఎక్కడో కుళాయి ధార. సంగతి విని, "మేడ మీద తీసిందా? ఉంది, ఉంది. వెలుతురు బాగా కుదిరింది దాంట్లో. పెట్టండమ్మా, అందరూ చూడనివ్వండి. ఆ అమ్మాయెవరూ... సన్నగా ఉండేది, పేరేదో... నోట్లో ఆడుతోంది," అంది.

టేపులావిడ కళ్లు మేడం వైపు తిరిగాయి. మేడం తన గోళ్లు చూసుకుంటోంది.

"పేరు మర్చిపోయారా?" అంది టేపులావిడ.

"చాలామందిని తీశానమ్మా. ఎన్నని గుర్తుంటాయి?"

"గోడ పట్టుకుని నవ్వుతుంది కదా, అక్కడ మీరేమన్నారు?"

"ఏదో అనుంటాను. నవ్వించడానికి ఏదో ఒకటి అంటాంగా."

"ఏదో ఒకటా?" టేపులావిడ గొంతు లేచింది. "మెడ మీద మచ్చ దగ్గర అంతసేపు కెమెరా ఆపారు కదండీ! అదయినా గుర్తుందా? మీరడిగిన ప్రతి ముక్కా ఇక్కడో మనిషి ఇన్నేళ్లు దాచుకుంది. మీరు వెలుతురంటున్నారు!"

"ఎవరమ్మా నువ్వు?" అంది కెమెరా ఆవిడ, కుళాయి కట్టేసి.

మేడం చెయ్యి చాపి ఫోను ఆపేసింది.

"ఎందుకలా అరిచావు?"

"నిన్ను మర్చిపోతుందా?"

"మర్చిపోతే నీకు పండగే కదా."

"కాదు." ఎందుకు కాదో ఆమెకీ తెలియలేదు. ఇన్ని రోజులు ఎవరి మీద కడుపు రగిలిందో ఆ మనిషి చేతుల్లో చూస్తే ఏమీ లేదు. ఎవరో తన దగ్గర కాజేసిన సొమ్ముని చెత్తబుట్టలో చూసినట్టయింది. కుళ్లు తగ్గిందా అంటే తగ్గలేదు. దానికి ఇప్పుడు నిలబడటానికి చోటు లేక గదంతా తిరుగుతోంది.

మేడం కళ్లు తుడుచుకుని, ముక్కు చీదుకుని, "అక్కడ ఏదో ఒక జోకు రాసెయ్యి. ఎవరికి తెలుస్తుంది?" అంది.

"రాయను."

"నీ ఇష్టం వచ్చింది రాయవే. నువ్వే అన్నట్టు రాసుకో, పోనీ."

ఇంతకంటే మంచి అవకాశం అసూయకి దొరకదు. ఆ నవ్వుకి కారణం తానే అయిపోవచ్చు, శాశ్వతంగా. టేపులావిడ తెర మీద నవ్వుతూ ఆగిపోయిన ముఖాన్ని కాసేపు చూసింది.

"నువ్వు నవ్విన నవ్వుకి నేను అబద్ధం కట్టను," అంది. ఆ చోట "మాట పోయింది" అని మాత్రం వేసింది. సినిమా కింద, టేపు ఏ స్థితిలో ఉందో చెప్పేచోట, రెండో ట్రాకు శబ్దం టేపు వల్ల కాదు, కాపీ తీసిన మనిషి మీట తిప్పడం వల్ల పోయిందనీ, అక్షరాల్లో ఉన్న ప్రశ్నలు నటించినావిడ జ్ఞాపకం నుంచి తీసుకున్నవనీ రాసింది. మేడం భుజం మీంచి చదివింది.

"మీట ఎందుకు తిప్పిందో రాయలేదే?"

"అది వాళ్లకెందుకు?"

"సర్లే. ముఖం ఇచ్చాను, పెట్టుకో. ఇక లోకమంతా నన్ను చూస్తుంది. ఎవరి మీదని ఏడుస్తావు నువ్వు?"

"వరసగా వస్తా."

మేడం చెప్పులు వేసుకుని క్లాసుకి వెళ్లిపోయింది. కింద కారు హారను, బ్యాంకావిడ గొంతు, ఆ వెంటనే బ్రేకు కీచుమన్న చప్పుడు. టేపులావిడ సినిమాని అందరికీ తెరిచింది.

వారం తిరక్కుండానే ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి రాసింది. తమ ఊళ్లో ఇలాంటివి చూడటానికి ఎవరూ లేరట. తలుపు వేసుకుని చూసిందట. గోడ దగ్గర నవ్వే చోటుని మళ్లీ మళ్లీ చూస్తోందట, అక్కడేమన్నారో దయచేసి చెప్పగలరా అని అడిగింది.

"మాకూ తెలియదండీ. సినిమా తీసినావిడకీ గుర్తులేదు. చూసినందుకు సంతోషం," అని టేపులావిడ మర్యాదగా జవాబు కొట్టింది. పంపించింది. పంపాక ఆవిడ రాసిన ఉత్తరాన్ని మళ్లీ పైనుంచి కింది దాకా చదివింది.

"మళ్లీ మళ్లీ ఎందుకూ?" అంది పైకే, ఖాళీ గదిలో. "ఒకసారి చూస్తే చాలదా ఈవిడకి?"